మీ నగరంలోని ఆధునిక భవనాన్ని ఎలా చూడాలి?

పాత కోట ముందు నిలబడితే ఏం చేయాలో అందరికీ తెలుసు. తలెత్తి చూస్తాం, చెక్కడాల దగ్గర ఆగుతాం, బోర్డు చదువుతాం, ఫొటో తీసుకుంటాం. అదే 1960ల్లో కట్టిన ఓ కాంక్రీటు లైబ్రరీ ముందు నిలబడితే చూపు ఎక్కడ ఆనించాలో తోచదు. శిల్పం లేదు, రంగు లేదు, చరిత్ర చెప్పే బోర్డూ లేదు. రెండు క్షణాలు చూసి ‘అగ్గిపెట్టెలా ఉంది’ అనేసి నడిచిపోతాం.

ఆ అగ్గిపెట్టెలో చూడాల్సింది చాలానే ఉంటుంది. పైనున్న బరువు నేలకు ఎలా దిగుతోంది? ఎండను ఎక్కడ ఆపారు? వాన నీరు ఎటు పోతోంది? మనిషి ఎటునుంచి వచ్చి ఎటు పోతాడు? ఈ ప్రశ్నలకు ఆర్కిటెక్ట్ ఇచ్చుకున్న జవాబే మన ఎదురుగా నిలబడి ఉంటుంది. కాబట్టి ‘బాగుందా, బాలేదా’ అన్న ప్రశ్నను చివరిదాకా వాయిదా వేయండి. ముందు ఇవి అడగండి. దీనికి ఆర్కిటెక్చర్ చదివి ఉండక్కర్లేదు. కాస్త తీరిక, ఒక నోట్‌బుక్, పెన్సిల్, ఫోన్లో దిక్సూచి చాలు.

1. ఒక్క భవనాన్నే ఎంచుకోండి

ఒకే రోజు పది భవనాలు చుట్టేద్దామని బయల్దేరితే ఫొటోలు మిగులుతాయి తప్ప బుర్రకు ఏదీ ఎక్కదు. ఒక్కటి పట్టుకుని దాని దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లడం మేలు.

ఆధునిక భవనాల కథ దాదాపు 1920ల నుంచి ఊపందుకుంది. అప్పటికి ఉక్కు, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు (లోపల స్టీలు ఊచలున్న కాంక్రీటు), పెద్ద పెద్ద అద్దాలు, లిఫ్టు అన్నీ చేతికి అందాయి. వాటితో ఏం చేయొచ్చో 1926లో జర్మనీలోని డెసావ్‌లో కట్టిన బౌహౌస్ అనే డిజైన్ స్కూలు భవనం ప్రపంచానికి చూపించింది. అయితే చాలా నగరాల్లో అసలు పంట 1950 నుంచి 1980 మధ్య పండింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, ఎన్నో దేశాలు కొత్తగా స్వాతంత్ర్యం తెచ్చుకుని, ప్రభుత్వాలే యూనివర్సిటీలు, కోర్టులు, లైబ్రరీలు, స్టేడియాలు, ఇళ్ల కాలనీలు కట్టించిన కాలమది. మీ వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. బస్ స్టేషన్లు, బ్యాంకుల పాత హెడ్డాఫీసులు, నాటకశాలలు, చర్చిలు కూడా తక్కువేమీ కావు.

నగరంలో అన్నిటికంటే ఎత్తైన అద్దాల టవర్‌తో మాత్రం మొదలుపెట్టవద్దు. సెక్యూరిటీ గేటు దాటి లోపలికి పోనివ్వరు. బయటి నుంచి చూద్దామంటే మన మొహమూ ఎదురు బిల్డింగూ తప్ప ఏమీ కనిపించవు. ఎవరైనా లోపలికి వెళ్లగలిగే భవనమైతేనే నేర్చుకోవడానికి పనికొస్తుంది.

ఏవి ఉన్నాయో తెలియకపోతే దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీ విద్యార్థుల్ని అడగండి. ఇలాంటి కట్టడాలను నమోదు చేయడానికి, కాపాడటానికి 1988లో నెదర్లాండ్స్‌లో పుట్టిన డోకోమోమో అనే సంస్థకు చాలా దేశాల్లో శాఖలున్నాయి. వాళ్ల జాబితాల్లో మీ నగరం పేరు ఉందేమో చూడండి. లేకపోయినా ఫర్వాలేదు. జాబితాకెక్కని మంచి భవనాలు ప్రతి నగరంలోనూ ఉంటాయి.

2. వెళ్లేముందు ఓ అరగంట

ఏ సంవత్సరంలో కట్టారు, ఎవరు డిజైన్ చేశారు, మొదట దేనికోసం కట్టారు, అంతకుముందు ఆ స్థలంలో ఏముండేది. ఈ నాలుగూ తెలిస్తే చాలు. శిలాఫలకం మీద వెతికితే ప్రారంభించిన నాయకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గీసిన ఆర్కిటెక్ట్ పేరు చాలాసార్లు ఉండనే ఉండదు. దానికోసం పాత దినపత్రికలు, ఆ సంస్థ స్వర్ణోత్సవ సంచికలు తిరగేయాల్సిందే.

స్ట్రక్చరల్ ఇంజినీర్ పేరు కూడా దొరికితే రాసి పెట్టుకోండి. దిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972 వాణిజ్య ప్రదర్శన కోసం కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌నే తీసుకోండి. ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్, ఇంజినీర్ మహేంద్ర రాజ్. మధ్యలో ఒక్క పిల్లర్ కూడా లేని ఆ భారీ హాలును త్రికోణాల అల్లికతో నిలబెట్టారు. అలాంటి అల్లికను మామూలుగా స్టీలు గొట్టాలతో చేస్తారు. అప్పట్లో స్టీలు ఖరీదు, కూలీల పనితనం చవక. అందుకే అక్కడికక్కడే కాంక్రీటు పోసి, చేతిపనితో కట్టేశారు. ఈ సంగతి తెలియని వాడికి అది వింత ఆకారం. తెలిసినవాడికి ఆ నాటి దేశ ఆర్థిక పరిస్థితి కూడా అందులో కనిపిస్తుంది.

విమర్శలు, పొగడ్తలు మాత్రం ముందే చదవకండి. ఇంకొకరి మాట చెవిలో పడ్డాక మన కళ్లు వాళ్లు చెప్పిందే చూస్తాయి.

3. రోడ్డుకు అవతల నిలబడండి

నేరుగా గుమ్మం దగ్గరికి పోకండి. ఎదురు ఫుట్‌పాత్ మీద ఆగి, భవనం ఎక్కడ నిలబడిందో చూడండి. రోడ్డు అంచు దాకా వచ్చిందా, వెనక్కి జరిగిందా? పక్క భవనాల ఎత్తుకు సరిపోయిందా, వాటిని లెక్కచేయకుండా లేచిందా? గుమ్మం ఎక్కడుందో చూడగానే తెలుస్తోందా?

న్యూయార్క్‌లో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె, ఫిలిప్ జాన్సన్‌తో కలిసి కట్టిన సీగ్రమ్ బిల్డింగ్ 1958లో పూర్తయింది. 38 అంతస్తులు. అంత ఖరీదైన వీధిలో ముందు స్థలమంతా ఖాళీగా వదిలేసి, భవనాన్ని వెనక్కి జరిపారు. ఆ ఖాళీ చోటు జనానికి ఎంత నచ్చిందంటే, 1961లో న్యూయార్క్ తన కట్టడాల నిబంధనలనే మార్చి, ముందు ఇలాంటి ఖాళీ ప్రాంగణం వదిలినవాళ్లకు అదనంగా అంతస్తులు వేసుకునే వీలిచ్చింది. తర్వాత బిల్డర్లు అదనపు అంతస్తుల కోసం వదిలిన ప్రాంగణాల్లో చాలావాటికి ఆ కళ రాలేదనుకోండి. మీ భవనం ముందు ఖాళీ స్థలముంటే అది జనం కోసం వదిలినదా, కార్ల కోసం మిగిలినదా అని చూడండి. ఇది తేల్చడానికి ఒక్క నిమిషం చాలు.

తర్వాత భవనం చుట్టూ ఒకసారి పూర్తిగా నడవండి. వెనక వైపు తప్పకుండా చూడాలి. ముందు వైపు ఎలా కనిపించాలో ఆర్కిటెక్ట్ తపన పడతాడు. వెనక వైపు డబ్బు, ఓపిక ఎంత మిగిలాయో తెలిసిపోతుంది.

4. బరువు ఎటు దిగుతోందో వేలితో గీయండి

అన్నిటికంటే ఎక్కువ సేపు గడపాల్సింది ఇక్కడే. పై అంతస్తులో ఒక మూలను ఎంచుకోండి. అక్కడి స్లాబ్ బరువు నేలను చేరే దారిని గాల్లోనే వేలితో గీసుకుంటూ రండి. స్లాబ్ నుంచి బీమ్‌కు, బీమ్ నుంచి పిల్లర్‌కు, పిల్లర్ నుంచి నేలకు. దారి మధ్యలో తెగిపోయిందా? అయితే ఆ బరువు ఇంకెటో తిరిగింది. ఎటో కనిపెట్టండి. చాలా భవనాల్లో అసలు తమాషా అక్కడే ఉంటుంది.

పాతకాలంలో గోడే బరువు మోసేది. అందుకే గోడలు మందంగా, కిటికీలు చిన్నగా ఉండేవి. పిల్లర్లు వచ్చాక గోడకు ఆ చాకిరీ తప్పింది. దాన్ని కనిపెట్టడం తేలిక. ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా ఆగకుండా పొడుగాటి కిటికీ ఉంటే ఆ గోడ ఏమీ మోయడం లేదన్నమాట. మూలల్లో అద్దం కనిపిస్తే మరీ స్పష్టం. 1911లో జర్మనీలో మొదలైన ఫాగుస్ ఫ్యాక్టరీలో వాల్టర్ గ్రోపియస్, అడాల్ఫ్ మేయర్ చేసిన సాహసం ఇదే. ఎప్పుడూ మందపాటి గోడ ఉండే మూలలో పిల్లర్ కూడా పెట్టకుండా అద్దాల్ని అద్దాలతో కలిపేశారు. మీ నగరంలో ఏ భవనం మూలన అద్దం కనిపించినా దాని మూలాలు అక్కడిదాకా పోతాయి.

ఆ తర్వాత గాల్లోకి చొచ్చుకొచ్చిన భాగాలు చూడండి. బాల్కనీ, పోర్టికో కప్పు, స్టేడియం పైకప్పు ఏదైనా సరే, ఆధారం ఒక్క వైపే ఉన్న స్లాబ్‌ను పక్కనుంచి గమనించండి. మంచి ఇంజినీరింగ్ ఉన్నచోట అది పిల్లర్ దగ్గర మందంగా మొదలై, కొసకు పోయేకొద్దీ పల్చబడుతుంది. వంచే బలం ఆధారం దగ్గర ఎక్కువ, కొసన దాదాపు ఏమీ ఉండదు కాబట్టి. కంటికి సొగసుగా కనిపించే ఆ వాలు వెనక ఉన్నది ఈ లెక్కే.

అహ్మదాబాద్ ఐఐఎంలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ఇటుకతో చేసిన పని ఒకటి చెప్పాలి. విశాలంగా, తక్కువ ఎత్తుతో ఉండే ఇటుక కమాను తన మీద పడ్డ బరువుతో రెండు పాదాల్నీ పక్కలకు తోస్తుంది. మామూలుగా ఆ తోపును ఆపడానికి రెండు వైపులా మందపాటి గోడలు కావాలి. కాన్ అలా చేయకుండా కమాను రెండు పాదాల్నీ కలుపుతూ అడ్డంగా ఒక కాంక్రీటు పట్టీ వేశాడు. పక్కలకు జరగబోయే పాదాల్ని ఆ పట్టీ లాగి పట్టుకుంటుంది. ఎర్రటి ఇటుక నొక్కుడును మోస్తోంది, బూడిదరంగు కాంక్రీటులో ఉన్న స్టీలు లాగుడును మోస్తోంది. దేని పని ఏదో రంగును బట్టే తెలిసిపోతుంది. పైన ప్లాస్టరింగ్ చేసి సున్నం కొట్టి ఉంటే ఇదంతా మన కంటపడేదే కాదు.

అయితే కనిపించేదంతా నిజమని నమ్మడానికీ లేదు. సీగ్రమ్ బిల్డింగ్ బయట కింద నుంచి పైదాకా సాగే కంచు కమ్మీలు ఏ బరువూ మోయవు. అసలు స్టీలు పిల్లర్లను అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం కాంక్రీటుతో కప్పేయాల్సి వచ్చింది. లోపల దాక్కున్న ఆ అస్థిపంజరం బయటికి గుర్తుగా కనిపించాలని మీస్ ఈ కమ్మీలు అతికించాడు. ఇది నిజాయితీయా, నటనా అని ఆర్కిటెక్టులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే అది నటనే, కాకపోతే మంచి నటన. మీ భవనంలోనూ ఏ బరువూ మోయని పిల్లర్ ఒకటైనా దొరక్కపోదు. వెతకండి.

పైపులు, వైర్లు, ఏసీ గొట్టాల్ని సాధారణంగా దాచేస్తారు. పారిస్‌లో 1977లో తెరిచిన పాంపిడూ సెంటర్‌లో రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ వాటన్నిటినీ బయటికి తెచ్చి రంగులేశారు. గాలికి నీలం, నీటికి ఆకుపచ్చ, కరెంటుకు పసుపు, మనుషులు తిరిగే లిఫ్టులు, ఎస్కలేటర్లకు ఎరుపు. లోపల అంతస్తులన్నీ ఖాళీగా, ఎలా కావాలంటే అలా వాడుకునేలా మిగిలాయి. మీ భవనం ఈ సామానంతా ఎక్కడ పెట్టిందో చూడండి. డిజైన్‌లోనే దానికి చోటిచ్చారా, తర్వాత ఎవరో గోడకు మేకులు కొట్టి తగిలించారా అన్నది ఇట్టే తెలిసిపోతుంది.

5. దిక్సూచి తీయండి

ఇప్పుడు ఎండ సంగతి. భవనం ఏ ముఖం ఏ దిక్కుకుందో నోట్‌బుక్‌లో రాయండి.

ఉత్తరార్ధ గోళంలో మధ్యాహ్నపు ఎండ ఎక్కువగా దక్షిణం నుంచి, పైనుంచి పడుతుంది. కిటికీ పైన అడ్డంగా ఓ సన్‌షేడ్ ఉంటే ఆగిపోతుంది. తూర్పు, పడమర ఎండ అలా కాదు. సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి కిరణాలు సన్‌షేడ్ కిందనుంచి దూరి లోపలికి వచ్చేస్తాయి. అక్కడ నిలువు పలకలో, జాలీలో, వెడల్పాటి వరండానో కావాలి. దక్షిణార్ధ గోళంలో ఉత్తర, దక్షిణాలు తారుమారవుతాయి. ఈ కాస్త తెలిస్తే నాలుగు ముఖాలూ చకచకా చదివేయొచ్చు. ఒక్కో దిక్కుకు ఒక్కో ఏర్పాటు ఉంటే ఆర్కిటెక్ట్ సూర్యుణ్ని పట్టించుకున్నాడని అర్థం. నాలుగు దిక్కులా ఒకే అద్దం ఉందా, పట్టించుకోలేదు. ఆ భారమంతా ఏసీ మీదా కరెంటు బిల్లు మీదా పడుతుంది.

చండీగఢ్‌లో లె కొర్బూజియే కట్టిన హైకోర్టు, సచివాలయాల్లో కిటికీల ముందు లోతైన కాంక్రీటు గళ్లు ఉంటాయి. హైకోర్టుకైతే అసలు కప్పు మీద ఇంకో పెద్ద కప్పు గొడుగు పట్టినట్టు ఉంటుంది. రెండిటి మధ్య ఖాళీలోంచి గాలి పారుతుంది. దీనికి ఇంకో వైపూ ఉంది. మందపాటి కాంక్రీటు పగలంతా తాగిన వేడిని సాయంత్రానికి వదులుతుంది. నీడ దొరికినా సెగ తప్పదు. మీ భవనంలోనూ అలాగే ఉందేమో సాయంత్రం గోడ మీద చేయి పెట్టి చూడండి.

పుదుచ్చేరిలోని గోల్కొండే వసతిగృహం ఇంకో దారి పట్టింది. ఆంటొనిన్ రేమండ్ డిజైన్. 1937లో పని మొదలైంది, 1940ల్లో పూర్తయింది. పొడుగు వైపులు రెండూ ఉత్తరం, దక్షిణాలకు తిప్పి, అక్కడ గోడలకు బదులు కింది నుంచి పైదాకా కదిలే అడ్డపలకలు పెట్టారు. ఎంత గాలి, ఎంత వెలుతురు కావాలో గదిలో ఉన్నవాళ్లే తిప్పుకుని తెచ్చుకుంటారు. ముంబైలో చార్లెస్ కొరియా 1983లో పూర్తిచేసిన 28 అంతస్తుల కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్‌ది మరో చిక్కు. సముద్రం, చల్లగాలి పడమర నుంచి వస్తాయి. మండే ఎండా, కుండపోత వానా వచ్చేదీ అటునుంచే. పాత బంగళాల చుట్టూ ఉండే వరండా ఆలోచనను ఆయన పైకెత్తి, టవర్ మూలల్లో రెండంతస్తుల ఎత్తున్న తోటల్లా పెట్టాడు. దూరం నుంచి చూస్తే టవర్‌ను కొరికేసినట్టు కనిపించే ఖాళీలు అవే.

ఎండను మరిచిపోతే ఏమవుతుందో లండన్ చూసింది. 2013లో ఇంకా నిర్మాణంలో ఉన్న ఫెంచర్చ్ స్ట్రీట్ 20వ నంబరు టవర్, లోపలికి వంగిన అద్దాల ముఖంతో ఎండనంతా పోగుచేసి వీధిలో ఒకే చోట కొట్టింది. అక్కడ పార్క్ చేసిన ఒక కారు భాగాలు కరిగిపోయాయి. తర్వాత ఆ ముఖానికి సన్‌షేడ్‌లు తగిలించారు.

వాన పడుతున్నప్పుడు ఒకసారి వెళ్లడం అందరూ మరిచిపోయే పని. కప్పు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి? సన్‌షేడ్ కొసన నీరు నేరుగా కింద పడుతోందా, వెనక్కి పాకి గోడను తడుపుతోందా? పాకకుండా ఉండాలని సన్‌షేడ్ కింది అంచున సన్నటి గాడి ఒకటి తీస్తారు. వేలెడంత వెడల్పు కూడా ఉండదు. అది మరిచిపోయిన భవనాల మీదే నల్లటి చారికలు దిగుతాయి. ఫ్రాన్స్‌లోని రోన్‌షాంప్ చర్చిలో లె కొర్బూజియే 1955లో కప్పు నీళ్లన్నిటినీ ఒకే తూము దగ్గరికి తెచ్చి, కింద కట్టిన తొట్టిలోకి దూకించాడు. నీటిని దాచడం మానేసి దాన్నే ఒక వేడుక చేశాడన్నమాట.

6. తాకి చూడండి

‘కాంక్రీటు అంటే బూడిదరంగు, అంతే’ అనుకునేవాళ్లు గోడకు జానెడు దూరంలో నిలబడాలి. కాంక్రీటు పోసినప్పుడు ముద్దలా ఉంటుంది, సెంట్రింగ్ (దాన్ని పోసే అచ్చు) ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే తీసుకుంటుంది. ఆ సెంట్రింగ్ గుర్తులన్నీ గోడ మీద శాశ్వతంగా ఉండిపోతాయి. లండన్‌లో డెనిస్ లాస్డన్ కట్టిన నేషనల్ థియేటర్ (1976) గోడల మీద చెక్క పలకల గీతలు, పలకకూ పలకకూ మధ్య అతుకులూ కనిపిస్తాయి. ఆ పలకలు ఎప్పుడో పోయాయి, వాటి అచ్చు మిగిలింది. అదే నగరంలో 1982లో తెరిచిన బార్బికన్ సెంటర్ దీనికి పూర్తిగా ఎదురు. గట్టిపడ్డ కాంక్రీటును పనివాళ్లు చేతి పనిముట్లతో చెక్కి, పై పొర రాలగొట్టి, లోపలి కంకరను బయటికి తెచ్చారు. చేయి పెడితే గరుకుగా గీసుకుంటుంది.

కాలిఫోర్నియాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్ (1965) గోడల మీద వరుసగా గుండ్రటి గుంటలుంటాయి. పోసేటప్పుడు రెండు వైపుల సెంట్రింగ్‌నూ పట్టి ఉంచిన కడ్డీల తాలూకు రంధ్రాలవి. ఎక్కడైనా అయితే సిమెంటు రాసి మూసేస్తారు. లూయీ కాన్ ఆ రంధ్రాల స్థానాలు కూడా ముందే లెక్కకట్టి, వాటిలో సీసం బిళ్లలు బిగించాడు. గోడను తర్వాత అరగదీయడం, పూయడం వద్దన్నాడు. ఎలా కట్టారో గోడే చెప్పాలన్నది ఆయన పట్టుదల. మీ భవనంలో అలాంటి గుంటలు కనిపిస్తే అవి వరుసలో ఉన్నాయా, ఎలా పడితే అలా ఉన్నాయా చూడండి. సైట్‌లో ఎంత శ్రద్ధ పెట్టారో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కాంక్రీటు ఒక్కటే కాదు. సిడ్నీ ఒపెరా హౌస్ దూరానికి తెల్లగా మెరుస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ కప్పు పది లక్షలకు పైగా టైల్స్‌తో కప్పినదని, అందులో మెరిసే రకం, మెరవని రకం రెండూ ఉన్నాయని కనిపిస్తుంది. అన్నీ ఒకేలా మెరిస్తే కళ్లు చెదిరేవి, అసలు మెరవకపోతే గోడలా చచ్చుగా ఉండేది.

7. లోపల

తలుపు పిడి, మెట్ల ఎత్తు, చేయి ఆనించే కమ్మీ. వీటితోనే మన శరీరం భవనాన్ని మొదట తాకుతుంది. గుమ్మంలో కప్పు కిందికి ఉండి, లోపలికి పోగానే ఒక్కసారిగా ఎత్తయిందా? అది కావాలని చేసిందే. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో, నేరుగా పడుతోందా ఏ గోడకో తగిలి వస్తోందా చూసుకోండి. బోర్డులు చదవకుండా లిఫ్టు, బయటికి దారి కనుక్కోగలరేమో ప్రయత్నించండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు దారి ముందునుంచే ఉందా, వెనక గేటు నుంచా? ఓ నిమిషం కళ్లు మూసుకుని మోత వినండి. ఫొటోల్లో అద్భుతంగా ఉన్న ఎన్నో హాళ్లు మాట్లాడితే ప్రతిధ్వనించి ప్రాణం తీస్తాయి.

8. మనుషుల్ని గమనించండి

1970ల్లో విలియం వైట్ అనే పరిశీలకుడు న్యూయార్క్ ప్రాంగణాల్లో కెమెరాలు పెట్టి జనం ఏం చేస్తారో చూశాడు. తేలింది వింటే నవ్వొస్తుంది. కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారట. అయినా ఈపాటి సంగతి మరిచిన ప్రాంగణాలు ఎన్నో. మీరూ ఒక మూల కూర్చుని చూడండి. ఏ మెట్ల మీద విద్యార్థులు గుంపు కడుతున్నారు, ఏ అంచు మీద ఒక్కరూ కూర్చోవడం లేదు, గడ్డిలో కాలిబాట ఎక్కడ పడింది. ఆర్కిటెక్ట్ వేసిన దారి ఒకటి, జనం నడిచే దారి మరొకటి అయితే డిజైన్ ఎక్కడ తప్పిందో నేలే చూపిస్తుంది.

తర్వాత వచ్చి చేరినవాటినీ రాసుకోండి. బాల్కనీకి పెట్టిన గ్రిల్, కిటికీకి అంటించిన కాగితం, కారిడార్లో ఆరేసిన బట్టలు. వీటిని చూసి భవనం పాడైపోయిందని బాధపడేవాళ్లున్నారు. అన్నివేళలా ఆ బాధ సరైంది కాదు. ఇండోర్‌లోని అరణ్య కాలనీలో బాలకృష్ణ దోషి పేద కుటుంబాలకు పూర్తి ఇల్లు కట్టి ఇవ్వలేదు. పునాది, స్నానాల గది, మరుగుదొడ్డి ఉన్న స్థలం ఇచ్చి, మిగతాది వాళ్లు డబ్బు చేతికొచ్చినప్పుడల్లా కట్టుకునేలా ఏర్పాటు చేశాడు. అక్కడ కొత్తగా వేసిన గది కూడా డిజైన్‌లో భాగమే. 1995లో దానికి ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. దీనికి పూర్తి భిన్నంగా, సీగ్రమ్ బిల్డింగ్‌లో కిటికీ తెరలు మూడే స్థితుల్లో ఆగుతాయి. పూర్తిగా తెరిచి, సగం, పూర్తిగా మూసి. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు లాగితే బయటికి చిందరవందరగా కనిపిస్తుందని మీస్ అలా పెట్టాడు. వాడేవాడికి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్న విషయంలో ఈ ఇద్దరూ చెరో కొసన ఉన్నారు. మీ భవనం ఎటువైపు ఉందో తేల్చండి.

9. గీయండి

బొమ్మ బాగా రానక్కర్లేదు. ఒక ముఖాన్ని పెట్టెల్లా గీసి, కిటికీలు ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయో పెట్టండి చాలు. ఫొటో తీస్తే క్షణంలో అయిపోతుంది, చూడకుండానే అయిపోతుంది. గీయాలంటే లెక్కపెట్టాలి. మూడో అంతస్తు కిటికీలు మిగతావాటికంటే పొట్టిగా ఉన్నాయన్న సంగతి పెన్సిల్ పట్టుకున్నప్పుడే కంటపడుతుంది. కోర్టులు, ప్రభుత్వ ఆఫీసుల దగ్గర మాత్రం ఫొటో అయినా బొమ్మ అయినా ముందు అనుమతి అడగండి, అనవసరమైన టెన్షన్ ఉండదు.

10. ఇప్పుడు చెప్పండి, నచ్చిందా?

ఇక వాయిదా వేసిన ప్రశ్న దగ్గరికి రావచ్చు. దానికి ముందు ఒక్క పని. మీకు నచ్చనివన్నీ రాసి, పక్కన ‘డిజైన్’ అనో ‘నిర్వహణ’ అనో వేయండి. లిఫ్టు పనిచేయకపోవడం, పెచ్చులూడటం, మెట్ల మీద చెత్త, పగిలిన అద్దం, ఇవి నిర్వహణ ఖాతాలోకి పోతాయి. పడమటి గదుల్లో కూర్చోలేకపోవడం, దారి తెలియక తిరగడం డిజైన్ ఖాతా. ఆధునిక భవనాలకు వచ్చిన చెడ్డపేరులో పెద్ద భాగం నిర్వహణ ఖాతాదే. కాంక్రీటులోని ఊచలకు తడి తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి పైపెచ్చును నెట్టేస్తుంది. సకాలంలో పగుళ్లు పూడ్చి ఉంటే అంతదాకా రాదు. ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేసి, చివర్లో ‘ఈ కాంక్రీటు డబ్బా చూడలేకపోతున్నాం’ అనడం అన్యాయం.

ఇంత చూశాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. గొప్ప పేరున్న ఆర్కిటెక్ట్ కట్టాడని తలూపాల్సిన పనిలేదు. ఎందుకు నచ్చలేదో ఇప్పుడు మీరు వేలు పెట్టి చూపించగలరు.

11. చూసింది దాచుకోకండి

మీ దగ్గరున్న నోట్సు, బొమ్మలు, ఫొటోలకు తేదీ వేసి ఒకచోట పెట్టండి. ఈ కట్టడాలకు పాత కోటలకున్న రక్షణ చాలా చోట్ల లేదు. ‘వయసు చాలదు’ అన్నది తరచూ వినిపించే కారణం. పైన చెప్పిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు, అప్పటికి దానికి 45 ఏళ్లు. టోక్యోలో కిషో కురొకావా 140 గదుల్ని విడివిడి క్యాప్సూళ్లుగా బిగించి కట్టిన నకాగిన్ టవర్ కూడా 1972దే. క్యాప్సూళ్లను ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చన్నది ఆలోచన, ఒక్కసారీ మార్చలేదు. 2022లో దాన్ని విప్పేశారు. కొన్ని క్యాప్సూళ్లు మ్యూజియంలకు చేరాయి.

కాబట్టి ఓ సెలవురోజు నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని అదే భవనానికి మళ్లీ వెళ్లండి. లండన్‌లో 1992లో మొదలైన ఓపెన్ హౌస్ పండుగ చేసేది ఇదే. ఏడాదిలో కొద్ది రోజులు మామూలుగా మూసి ఉండే తలుపుల్ని ఉచితంగా తెరుస్తారు. ఆ పద్ధతి ఇప్పుడు ఎన్నో నగరాలకు పాకింది. మీ నగరంలో లేకపోతే ఒక గంట నడక చాలు. రోడ్డుకు అవతల ఆగి, చుట్టూ తిరిగి, వెనక వైపు చూసి, ఒక గోడ తాకి, లోపల కాసేపు కూర్చుని రావడమే. ముందే వివరాలన్నీ చెప్పేయకండి. ఒక పిల్లర్ దగ్గర ఆపి ‘ఇది ఏం మోస్తోందో చెప్పండి’ అని అడగండి. అక్కడ పనిచేసేవాళ్లు, ముఖ్యంగా పాత వాచ్‌మన్లు, లైబ్రేరియన్లు కనిపిస్తే వాళ్లతో మాట్లాడండి. ఏ గది ఎండాకాలంలో చల్లగా ఉంటుందో, ఏ మూల కారుతుందో, ఏ తలుపు ఎందుకు మూసేశారో వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు. వాళ్లు చెప్పింది అక్కడికక్కడే, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.